పోతు తీగ

మార్చి 7, 1954

ఈ రోజు ఎవరితో మాట్లాడినా నోరు జారుతుంది. అందుకే రాస్తున్నాను.

మా ఆయన డమాస్ పోయాక నాకు నిద్ర లేదు. చెల్లెలు ఎగ్జిల్డా పోయిన నెలలో ఓ చిన్న దిండు కుట్టి తెచ్చింది. లోపల హాప్ పువ్వులు, చేదు కోసం బీరులో వేసేవి. మా అమ్మ కూడా ఇలాగే కుట్టేది, తల కింద పెట్టుకుంటే నిద్ర పడుతుందని. మా బేళ్లలోవే అక్కా, మంచివి చూసి తీశాను అంది.

ఇవాళ కుట్టు ఊడింది. మళ్లీ నింపుదామని పువ్వులన్నీ పళ్లెంలో పోశాను. శుభ్రంగా ఉన్నాయి. ఒక్క ఆకు ముక్క లేదు, ఒక్క కాడ లేదు. అడుగున ఒక నీలం పూస.

అది మా తోటకు కోత కూలికొచ్చే నెట్టీ పూస. పోయిన సెప్టెంబరులో మా తోటలో కోస్తుంటే నెట్టీ చేతి పట్టీ తెగింది. పూసలన్నీ మట్టిలో, బుట్టల్లో చెల్లాచెదురయ్యాయి. అందరం మోకాళ్ల మీద కూర్చుని ఏరాం. దొరకనివి వచ్చే ఏడు మొలుస్తాయిలే అని నెట్టీ నవ్వింది.

ఎగ్జిల్డా మొగుడు ఓరెల్ తోటలో పోయినేడు మనిషి చెయ్యి పడలేదు. అంతా కొత్త మెషీనే కోసింది. మరి వాళ్ల బేలులోకి నెట్టీ పూస ఎలా వచ్చింది?

మాకు పువ్వు ఆరబెట్టే బట్టీ లేదు. మా సరుకు కూడా ఓరెల్ బట్టీలోనే ఆరింది, అక్కడే బేళ్లు కట్టారు, అక్కడే పేర్లు వేశారు. ఆ తర్వాత మా పేరున్న బేలు కోసి చూస్తే సగం ఆకు, సగం కాడ. కొనే ఆయన సాంపిల్ తీసుకొచ్చి మంచం మీద ఉన్న డమాస్ చేతిలో పెట్టాడు. ఇరవయ్యేళ్లు ఈ లోయలో అందరికంటే శుభ్రమైన క్లస్టర్ రకం హాప్ పండించిన మనిషి. చూశాడు. కోసినవాళ్లు బరువు కోసం ఆకు కలిపారు, దొంగలు అన్నాడు. గది నిండా జనం ఉన్నారు. గుమ్మంలో కూలి కోసం వచ్చిన నెట్టీ ఉంది. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. డమాస్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. జనవరిలో పోయేదాకా మళ్లీ సరిగ్గా ఇటు తిరగలేదు.

పాపం, చివర్లో పని మీద పట్టు పోయింది ఆయనకి, అని సమాధి దగ్గర అన్నది ఓరెలే. కళ్లు తుడుచుకుంటూ అన్నాడు.

మార్చి 8

పూస సూదుల డబ్బాలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

మార్చి 20

పోయిన వారం రైతుల సంఘం మీటింగు జరిగింది. బీరు కంపెనీలకు ఇక గింజ లేని హాప్స్ కావాలట. అందుకని ఈ చుట్టుపక్కల పోతు తీగలన్నీ తవ్వి పారెయ్యాలని తీర్మానం. పోతు పూల దుమ్ము గాలికి వచ్చి పడకపోతే పువ్వులో గింజ ఉండదు. ఎవరి తోటలోనైనా పోతు ఉందని తేలితే ఆ సరుకు ఎవరూ ముట్టుకోరు.

డమాస్ వాటిని పెళ్లికొడుకులు అనేవాడు. వరసల మధ్య అక్కడక్కడా ఒకటి, మిగతా వాటికంటే పొడుగు గుంజతో. ఈ వారమంతా పెళ్లికొడుకుల్ని తవ్వాను. నడుము విరిగింది.

ఓరెల్ వచ్చాడు. వదినా, ఒక్కదానివి ఎన్నని చూసుకుంటావు, ఈసారి కూడా సరుకు మా బట్టీకే పంపు, అక్కచెల్లెళ్ల సరుకు ఒక్కచోట ఆరితే తప్పేముంది అన్నాడు. నంగనాచి. సరే మరిదీ, నువ్వు కాక నాకెవరున్నారు అన్నాను. కాఫీ కూడా పోశాను.

మార్చి 28

మా తోటకీ ఓరెల్ తోటకీ మధ్య నాన్న నాటిన పోప్లర్ చెట్ల వరస ఉంది. కాలవ పక్కన చివరి చెట్టు మొదట్లో ఇంకో పోతు తీగ కనిపించింది. ఎవరూ నాటింది కాదు, దానంతటదే మొలిచి ఏళ్ల తరబడి చెట్టెక్కి బతుకుతోంది. మొదలు నా తొడంత ఉంది. పలుగు వేశాను. ఒక్క దెబ్బ వేసి ఆగాను.

గాలి ముఖానికి కొట్టింది. ఇక్కడ గాలి పడమటి నుంచే వస్తుంది. ఓరెల్ తోట చెట్లకి పడమర. నా తోట తూర్పు.

పలుగు భుజాన వేసుకుని ఇంటికొచ్చాను.

ఏప్రిల్ 12

పూస పట్టుకెళ్లి అందరి ముందు పెడితే ఏమవుతుంది? ఓరెల్ నవ్వుతాడు. మొగుడు పోయి వదినకు మతి చలించింది అంటాడు. అందరూ జాలిపడతారు. ఇంటి దొంగను దేవుడైనా పట్టలేడు.

వాడి నోటితోనే చెప్పించాలి.

వాడి మెషీను ఈ ఏడు కూడా ఆకూ కాడా కలిపే కోస్తుంది. కాబట్టి మళ్లీ నా బేళ్లే మార్చుకుంటాడు. ఒకసారి అరిగిన దొంగతనం రెండోసారి తియ్యగా ఉంటుంది. మార్చుకోనీ. కానీ ఈసారి నా పువ్వుల్లో గింజ ఉంటుంది. కొనే ఆయన వాడి బేలు కోస్తాడు, గింజ చూస్తాడు, నీ తోటలో పోతు ఉంది అంటాడు. అప్పుడు వాడు బతకాలంటే ఒకటే దారి. ఇవి నావి కావు, మా వదినవి, నేను మార్చాను అని అందరి ముందు అనాలి.

నాకు ఆ ఒక్క మాట చాలు. అప్పుడు డమాస్ పేరు కడిగినట్టవుతుంది, నెట్టీ పేరు కూడా. వాడు మార్చుకోకపోతే నా పంటే పోతుంది. పోనీ.

మే 11

తీగలకు దారం పట్టించే పని. ఎద్దు గానుగ తిరిగినట్టు ఒక్క వైపే తిప్పి చుట్టాలి, ఎదురు తిప్పితే మర్నాటికి విప్పుకుని కింద పడుంటాయి. ఎగ్జిల్డా సాయానికొచ్చింది. నిద్ర పడుతోందా అక్కా అని అడిగింది. పడుతోంది అన్నాను. దిండు బాగుందా, కుట్టేమీ ఊడలేదు కదా అని అడిగింది. బాగుంది అన్నాను. కాసేపటికి మళ్లీ అదే అడిగింది. నీ కుట్టుకేం, రాయిలా ఉంది అన్నాను.

దారం మీదికి వంగి చుట్టుకుంటూ పోయింది. చిన్నప్పుడు దీన్ని ఎత్తుకుని తిరిగినదాన్ని నేను. ఇప్పుడు దీని కూట్లో మన్ను పోయబోతున్నాను. తలుచుకుంటే కాళ్లు ఆగుతాయి, తలుచుకోకూడదు.

జూన్ 16

సంఘం వాళ్లు వరస వరసా తిరిగి చూశారు. ఒక్క పోతు కూడా లేదు, సెభాష్ జెలియా అన్నారు. తల ఎత్తి చెట్లు చూసినవాడు లేడు.

జూన్ 30

పోతుకి గిన్నెలు కడిగిన నీళ్లు పోస్తున్నాను. డమాస్ ఉన్నప్పుడు ఆయనకి కూడా ఇంత సేవ చెయ్యలేదు.

జులై 9

పూసింది.

జులై 13

పొద్దున్నే గాలి లేవగానే నిచ్చెన వేసి పూత కొమ్మలు కోస్తున్నాను. ఏప్రన్లో పోసుకుని వరసల మధ్య దులుపుకుంటూ నడుస్తున్నాను. నా క్లస్టర్ తీగలకు ఇప్పుడిప్పుడే తెల్లటి నూగు పూత వస్తోంది. నూరేళ్లుగా ఇదే రకం మన అమెరికా బీరుకి చేదు ఇస్తోంది. వాసన కోసం దీన్ని ఎవరూ కొనరు, చేదు కోసమే కొంటారు. ఈ ఏడు చేదు ఎలా ఉంటుందో ఓరెల్‌కి రుచి చూపిస్తాను.

గాలి ఒక పూట తిరగబడింది, తూర్పు నుంచి కొట్టింది. ఆ పూట దుప్పటి తెచ్చి తీగ మీద కప్పి, కిందే కూర్చుని కాపలా కాశాను. వాడి తోటలో గింజ పడకూడదు. పడితే వాడు, అది నా సొంత గింజే, పొరపాటున పడింది అనగలడు. పగకి కూడా ఇంత ఓపిక కావాలని తెలియదు నాకు.

జులై 14

ఎగ్జిల్డా గుడ్లు ఇవ్వడానికి వచ్చింది. నా నల్ల గౌను భుజం మీద పసుపుపచ్చ దుమ్ము ఉంది. వేలితో తీసి చూసింది. అది కూడా హాప్ రైతు కూతురే. ఏ చెట్టు కింద కూర్చున్నావక్కా అంది. అన్ని చెట్ల కిందా అన్నాను. దులిపి వెళ్లిపోయింది.

ఈ మాట మొగుడికి చెబుతుందా? మూడు పూటలా అదే ఆలోచన.

జులై 22

చెప్పలేదు. ఓరెల్ ఇవాళ కూడా ఎప్పటిలాగే వదినా వదినా అంటూ వచ్చాడు.

ఆగస్టు 15

చర్చిలో పండగ పూజ అయ్యాక ట్రక్కు తీసుకుని వైట్ స్వాన్ ఊళ్లో నెట్టీ ఇంటికి వెళ్లాను. యకమా తెగ వాళ్ల ఇళ్లకు నేను వెళ్లడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్లూ వాళ్లే వచ్చేవాళ్లు.

సాల్మన్ చేపలు ఎండబెడుతోంది. కూర్చోమనలేదు. దొంగలతో పని పడిందేంటి అమ్మా అంది. కోతకు రమ్మన్నాను. మీ మరిదికి మెషీనుంది కదా, దానికి చేతులున్నాయి, నోరు లేదు, దాన్ని తిట్టినా ఊరుకుంటుంది, దాన్నే పెట్టుకో అంది.

డమాస్ అన్నది తప్పు అన్నాను. ఎలా తెలిసింది అని అడగలేదు. చేప తిప్పి వేసి, తప్పని నాకు తెలుసు, నాకు చెప్తే ఏం లాభం అంది. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. మా పిల్లల్ని ఈ ఏడు ఏ తోటవాళ్లూ కోతకు పిలవలేదు తెలుసా, వాళ్లు ఆకు కలుపుతారట అని చెప్పుకున్నారు.

తెలియదు నాకు. సిగ్గేసింది.

కోత అయ్యాక అందరి ముందే ఆ మాట వెనక్కి వస్తుంది అన్నాను. వస్తాను, నీ మాట ఏపాటిదో చూస్తాను అంది.

ఆగస్టు 29

ఎగ్జిల్డా ఇంట్లో భోజనం. ఎర వేశాను.

నెట్టీ వాళ్లు వస్తున్నారని చెప్పాను. ఈ ఏడు పువ్వు ఎంత ఒత్తుగా, ఎంత బరువుగా ఉందో చెప్పాను. అది అబద్ధం కాదు, గింజ పడితే బరువే. ఓరెల్ చేతిలో ఫోర్కు ఆగింది. మా మెషీను ఈసారీ ఆకు నములుతోంది వదినా, కాంట్రాక్టు ఇప్పుడో అప్పుడో పోయేలా ఉంది అన్నాడు. అయ్యో పాపం మరిదీ అన్నాను.

ఎగ్జిల్డా తల వంచుకుని మాంసం కూరిన రొట్టె కోస్తోంది. చాలా చిన్న ముక్కలుగా కోసింది.

సెప్టెంబరు 8

కోత. ఒక పువ్వు నలిపి నోట్లో వేసుకున్నాను. గింజ పటుక్కుమంది.

సెప్టెంబరు 14

సరుకంతా బట్టీకి వెళ్లింది. రంగు కోసం బట్టీలో వేసే గంధకం పొగ మా ఇంటిదాకా వస్తోంది. ఓ బుట్టెడు చూసి ఓరెల్, బంగారం లాంటి రంగు వదినా అన్నాడు. రంగు చూశాడు, అంతే. డమాస్ అయితే అరచేతిలో వేసి నలిపేవాడు, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, మళ్లీ నలిపేవాడు. వీడు నలిపి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. దొంగకి తొందరెక్కువ.

సెప్టెంబరు 21

గోదాములో నా పేరున్న బేలు కుట్టులోంచి రెండు వేళ్లు పెట్టి లాగాను. ఆకు. కాడ.

మింగాడు.

సెప్టెంబరు 24

రైలు పట్టాల పక్కన గోదాము అరుగు మీద సగం ఊరు ఉంది. కొనే ఆయన ముందు ఓరెల్ బేళ్ల దగ్గరికి వెళ్లాడు. కుట్టు విప్పి, గుత్తి లాగి, అరచేతుల మధ్య నలిపాడు. ఆగాడు. చెయ్యి చాచి చూపించాడు. దుమ్ము మధ్య నల్లటి గింజలు.

ఓరెల్ నవ్వాడు. ఛ, మా తోటలో పోతు ఎక్కడిది సారూ, మన సంఘం వాళ్లే తిరిగి చూశారు కదా అన్నాడు. రెండో బేలు కోశారు. గింజ. మూడోది. గింజ. నాలుగోదీ అంతే.

అప్పుడు ఓరెల్ నా వైపు చూశాడు. అర్థమైంది వాడికి. మెడ దగ్గర్నుంచి పైకి రంగు మారడం చూశాను. నేను ఎదురుగా నిలబడ్డాను, కళ్లు దించలేదు. అను అన్నాను మనసులో. అను, ఒక్క మాట అను. నోరు తెరిచాడు. ఆరు నెలలు నేను ఎదురు చూసిన నోరు.

మూశాడు.

ఎక్కడో ఒక పోతు మిగిలిపోయినట్టుంది, నాదే తప్పు అన్నాడు.

తేలు కుట్టిన దొంగ! అరిస్తే దొరుకుతాడు, అరవకపోతే విషం ఎక్కుతుంది. విషమే మేలనుకున్నాడు. సంఘం పెద్ద అక్కడికక్కడే, ఇక ఓరెల్ సరుకు ఎవరూ ముట్టుకోరు అనేశాడు. కాంట్రాక్టు పోయింది. తోట కూడా పోతుంది. తల దించుకుని మెట్లు దిగాడు. ఆ దిగడం నేను కళ్లారా చూశాను, ఒక్కొక్క మెట్టూ తియ్యగా ఉంది. అబద్ధం రాయను.

తర్వాత నా పేరున్న బేళ్లు కోశారు. ఆకు కొంచెం ఉంది, గింజ మాత్రం లేదు, తీసుకుంటాను అన్నాడు కొనే ఆయన. అంటే ఓరెల్ సరుకు నా పేరున అమ్ముడుపోయింది. జనం మూగి నా చేతులు పట్టుకున్నారు. మొగుడి కంటే నయమే జెలియా నువ్వు అన్నారు. డమాస్ మొదటి నుంచీ పగ్గాలు నీకిచ్చి ఉంటే బాగుండేది అని ఒకడు.

డమాస్ కంటే నయమట!

రోడ్డు మీద ట్రక్కు పక్కన నెట్టీ నిలబడి అంతా చూసింది. తిరిగి ట్రక్కెక్కింది.

సెప్టెంబరు 25

ఎగ్జిల్డా వచ్చింది. కూర్చోలేదు. పోతు ఎక్కడుంది అక్కా అంది. పోప్లర్ మీద అన్నాను. జులైలోనే తెలుసు నాకు అంది.

మరి వాడికెందుకు చెప్పలేదు అన్నాను.

పూస నేనే పెట్టాను కనక అంది.

పోయినేడు బేళ్లు కుట్టింది ఎగ్జిల్డానే. కుడుతుంటే మా పువ్వుల్లో ఆ పూస కనిపించిందట. మొగుణ్ని అడిగితే, నోరు మూసుకో, రెండిళ్లకూ ఒక్క ముద్దే ఉంది, అది ఎవరి నోట్లో పడాలో చూసుకో అన్నాడట. మూసుకుంది. డమాస్ పోయాక ఉండబట్టలేక దిండు కుట్టి, పూస అడుగున పెట్టి, కుట్టు కావాలనే వదులుగా వేసింది. నువ్వొచ్చి అడుగుతావని చూశానక్కా, అడిగితే ఎవరి ముందైనా చెప్పేదాన్ని, నా అంతట నేను చెప్పే ధైర్యం లేదు, నువ్వు అడిగితే చాలు. మేలో దారం చుడుతూ రెండుసార్లు నీ నోటికి అందించాను. నీ కుట్టు రాయి అన్నావు.

అప్పుడు అరిచింది. ఎదుటివాడికి అపశకునం చెయ్యడానికి ముక్కు కోసుకుంటారని విన్నాను, నువ్వు నా ముక్కు కోశావు కదే అంది. నా పిల్లలు ఏం తింటారు అంది.

కాఫీ పెట్టాను. ఇద్దరం తాగలేదు.

రేపు అడుగుతాను, చెబుతావా అన్నాను. గుమ్మం దాటి వెళ్లింది.

సెప్టెంబరు 26

పొద్దున పోతు తీగ మొదలంటా నరికాను. భుజాన వేసుకుని చర్చికి వెళ్లాను. పూజ అయి జనం బయటికి వస్తుంటే మెట్ల మీద పడేశాను.

ఇది నాది అన్నాను. మొన్న ఓరెల్ బేళ్లలో చూసిన గింజలు దీనివి. ఆ బేళ్లు నావి, నా పేరున అమ్ముడుపోయినవి వాడివి. పోయినేడూ అంతే. డమాస్ సరుకులో ఆకు లేదు, ఎన్నడూ లేదు.

ఓరెల్ గట్టిగా నవ్వాడు. చూశారా, మొగుడు పోయి వదినకు మతి పోయింది అన్నాడు. ఎగ్జిల్డా అని పిలిచాను. పోయినేడు బేళ్లు ఎవరు కుట్టారు అని అడిగాను. పిల్లల చేతులు వదిలి ముందుకొచ్చింది. నేనే కుట్టాను, అక్క చెప్పింది నిజం అంది. అంత మందిలో దాని గొంతు వణకలేదు. ఓరెల్ నవ్వు మాత్రం ముఖం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు.

రోడ్డు అవతల నెట్టీ, ఆమె కూతుళ్లు నిలబడ్డారు. నిన్న సాయంత్రం కబురు పంపాను. మా ఆయన మిమ్మల్ని దొంగలన్నాడు, ఆ మాట తప్పు, ఆయన లేడు కనక ఆయన తరఫున నేను వెనక్కి తీసుకుంటున్నాను అని అరిచాను. అంత దూరానికి వినపడాలని అరిచాను.

సంఘం పెద్ద ఉమ్మి, ఇద్దరికిద్దరూ, ఇక ఈ లోయలో మీ రెండిళ్ల హాప్స్ కొనేవాడు ఉండడు అన్నాడు. తెలుసు. తోట అమ్మాలి. కొన్నవాడు పాత క్లస్టర్ పీకి ఏం వేసుకుంటాడో వేసుకోనీ.

కడుపు చల్లబడింది అని రాద్దామని కూర్చున్నాను. చల్లబడలేదు. ఆకలేసింది. బఠాణీ సూపు రెండు గిన్నెలు తాగాను. డమాస్ పోయాక ఇదే మొదటిసారి.

అక్టోబరు 9

ఎగ్జిల్డా, పిల్లలు నా ఇంట్లోనే ఉంటున్నారు. ఓరెల్ మెషీను అమ్ముకుని ఎటో వెళ్లాడు. నాతో ఎగ్జిల్డా ఇంకా మాట్లాడడం లేదు. దిండు మళ్లీ కుట్టింది, గట్టిగా.

వైట్ స్వాన్ వెళ్లి నెట్టీకి పూస ఇచ్చాను. ఆమె చేతి పట్టీ చూపించింది. ఆ చోట ఎప్పుడో ఎర్ర పూస కుట్టేసుకుంది. నీలం పూస నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూసింది.